కొత్త అద్దె ఇంట్లో కుదురుకోవడం ఎలా: తాళం చెవి అందిన రోజు నుంచి మొదటి నెల దాకా

ఇల్లు మారడమంటే సామాను ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడమేనని చాలామంది అనుకుంటారు. లారీ వాళ్ళు కూలి తీసుకుని వెళ్ళిపోయాక, అట్టపెట్టెల మధ్య నిలబడి మంచినీళ్ళ గ్లాసు ఏ పెట్టెలో ఉందో తెలియక వెతుక్కునేటప్పుడు గాని అసలు పని ఇప్పుడే మొదలయిందని అర్థం కాదు. మా వారిది బదిలీల ఉద్యోగం. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మేము ఎనిమిది అద్దె ఇళ్ళు మారాము. ఆఖరిసారి కాకినాడ నుంచి హైదరాబాదుకు, నిజాంపేట వైపు ఒక అపార్టుమెంటుకు వచ్చాము. మొదటి మూడు ఇళ్ళలో కుదురుకోవడానికి నెలలు పట్టింది, తరువాతి ఇళ్ళలో పది పదిహేను రోజులు సరిపోయాయి. తేడా అంతా పనులు చేసే వరుసలోనే ఉందని నా అనుభవం. నీళ్ళు, కరెంటు, వంటిల్లు, పడక, కాగితాలు అనే వరుసలో వెళ్ళి, వీటిలో మొదటి రెండింటినీ ఇల్లు ఖాళీగా ఉండగానే పూర్తి చేసుకోండి. హైదరాబాదులో ఫ్లాటు అద్దెకు తీసుకున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను గాని, కార్యాలయాల పేర్లు మార్చుకుంటే విజయవాడలోనైనా విశాఖపట్నంలోనైనా చాలావరకు ఇదే పద్ధతి పనికివస్తుంది.

సామాను రాకముందు

సామాను వచ్చే రోజుకు కనీసం రెండు రోజుల ముందే ఇంటి యజమానిని అడిగి తాళం చెవులు తీసుకోండి. అడ్వాన్సు ముట్టాక చాలామంది దీనికి అభ్యంతరం చెప్పరు. ఆ రెండు రోజులకు అద్దె అడిగినా ఇవ్వడమే మేలు, ఎందుకంటే గోడకు చెమ్మ ఉన్న సంగతి బీరువా పెట్టాక తెలిస్తే దాన్ని జరపడానికి మళ్ళీ మనుషులను పిలవాలి.

ముందుగా నీళ్ళు చూడండి. హైదరాబాదు అపార్టుమెంట్లలో సాధారణంగా రెండు రకాల నీళ్ళు ఉంటాయి: వంటింట్లో ఒక కుళాయికి జలమండలి సరఫరా చేసే మంచినీళ్ళు, స్నానాల గదులకూ మిగతా కుళాయిలకూ బోరు నీళ్ళు. జలమండలి నీళ్ళను ఇక్కడ చాలామంది ‘మంజీరా నీళ్ళు’ అనే అంటారు. 1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు చాలాకాలం నగరానికి నీళ్ళిచ్చాయి. ఆ తరువాత మంజీరా, ఇంకా తరువాత కృష్ణా, గోదావరి నీళ్ళు వచ్చి చేరాయి. పైపులో ఏ నది నీళ్ళు పారినా వాడుకలో పేరు మాత్రం మంజీరాగానే నిలిచిపోయింది. మా వీధికి వచ్చేవి గోదావరి నీళ్ళేనని వాచ్‌మన్ చెప్పినప్పుడు, కాకినాడలో ఇన్నేళ్ళూ ఆ నీళ్ళే తాగిన మా అత్తగారు కుళాయి కింద దోసిలి పట్టి తాగి చూశారు. ఇల్లు మారిన దిగులు ఆవిడకు సగం ఆ దోసిలితోనే తగ్గింది.

ఏ కుళాయిలో ఏ నీళ్ళు వస్తాయో, మంచినీళ్ళు ఏ రోజుల్లో ఏ వేళకు వదులుతారో వాచ్‌మన్‌ను అడిగి రాసుకోండి. చాలా ప్రాంతాల్లో రోజు విడిచి రోజు వస్తాయి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది ప్రభుత్వ ప్రణాళికల్లో పాటించే లెక్క; ఆ లెక్కన నలుగురున్న ఇంటికి రోజుకు 540 లీటర్లు కావాలి. ఇరవై ఫ్లాట్ల భవనానికి పదివేల ఎనిమిది వందల లీటర్లు అవుతాయి కాబట్టి, వేసవిలో బోరు ఎండితే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు రెండు తెప్పించినా చాలవు. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు తెప్పిస్తారా, ఆ ఖర్చు మెయింటెనెన్సులో కలిసి ఉంటుందా, వేరుగా వసూలు చేస్తారా అన్న ప్రశ్న ఇప్పుడే అడగండి. డబ్బు మాట ముందే తేల్చుకుంటే తరువాత ఎవరికీ మనసు కష్టం కలగదు.

తరువాత ప్రతి కుళాయినీ రెండేసి నిమిషాలు తిప్పి వదలండి. ఖాళీగా ఉన్న ఇంట్లో పైపుల్లో నిలవున్న నీరు మొదట ఎర్రగానో మట్టి వాసనతోనో వస్తుంది. రెండు నిమిషాల తరువాత కూడా అలాగే ఉంటే ట్యాంకు కడిగించమని అడగాలి. స్నానాల గదిలో ఒక బకెట్టు నీళ్ళు నేల మీద పారబోసి, అవి జాలీ వైపు పోతున్నాయో గుమ్మం వైపు వస్తున్నాయో గమనించండి. సింకులో నీళ్ళు నింపి ఒక్కసారిగా వదిలి, కింద పైపు దగ్గర పాత వార్తాపత్రిక పరిచి పెట్టండి. కంటికి కనిపించని చుక్క కూడా కాగితం మీద మచ్చగా తేలుతుంది.

నీళ్ళలో లవణాలు ఎంత కరిగి ఉన్నాయో తెలుసుకోవడానికి పెన్ను ఆకారంలో ఉండే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. తాగే నీటిలో కరిగి ఉన్న లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే నీరు దొరకని చోట మాత్రమే 2,000 వరకు సరిపెట్టుకోవచ్చనీ భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. మీ మంచినీళ్ళ కుళాయిలో అంకె 500 కంటే బాగా తక్కువగా ఉంటే ఖరీదైన ఆర్వో యంత్రం అవసరం ఉండకపోవచ్చు. వడపోసి కాచుకుని తాగితే చాలు. అయితే ఈ మీటరు లవణాలను మాత్రమే చెబుతుంది, సూక్ష్మక్రిములను చూపదు. అంకె తక్కువగా ఉందని పసిపిల్లలకు కాచకుండా నీళ్ళు పట్టకండి.

ఇక కరెంటు. కింద మీటర్ల బోర్డు దగ్గర మీ ఫ్లాటు మీటరు ఏదో చూపించుకుని, రీడింగు స్పష్టంగా కనిపించేలా తేదీతో సహా ఫోటో తీయండి. పాత బిల్లు ఒకటి యజమాని దగ్గర తీసుకుని, దాని మీదున్న సర్వీసు నంబరుతో బకాయిలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. మా అయిదో ఇంట్లో మాకంటే ముందున్నవారు రెండు నెలల బిల్లు కట్టకుండా వెళ్ళిపోయారు. బకాయి మనిషి వెంట పోదు, సర్వీసు నంబరుకే అంటుకుని ఉంటుంది; మేము దిగిన నాలుగో రోజున సరఫరా ఆపేశారు. ఆ రాత్రి చంటిబిడ్డతో మేడ మీద పడుకున్నాము. ఒక్క ఫోటో తీసి, ఒక్క మాట అడిగి ఉంటే ఆ కష్టం ఉండేది కాదు.

లోపలికి వచ్చి ఎంసీబీ పెట్టె తెరిచి, ఒక్కొక్క మీట కిందికి దించుతూ ఏ గది ఆరిపోతుందో చూసి, చిన్న కాగితం ముక్కల మీద రాసి అతికించండి. అదే పెట్టెలో ‘టి’ అన్న అక్షరం ఉన్న చిన్న బొత్తాం కనిపిస్తే అది ఆర్‌సీసీబీ. దాన్ని నొక్కగానే కరెంటు పోవాలి. పోకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. షాకు తగిలినప్పుడు సెకనులో చిన్న భాగంలోనే కరెంటు ఆపి ప్రాణం కాపాడే పరికరం అది. ఆ బొత్తాం లేని ఇంట్లో, ముఖ్యంగా గీజరు వాడే ఇంట్లో, దాన్ని పెట్టించమని యజమానిని గట్టిగా అడగండి. రెండు వేల వాట్ల గీజరు దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దాన్ని ఆరు ఆంపియర్ల చిన్న సాకెట్టుకు ఎక్స్‌టెన్షన్ బోర్డుతో తగిలించకూడదు. పెద్ద రంధ్రాలున్న పదహారు ఆంపియర్ల సాకెట్లు ఎక్కడెక్కడున్నాయో చూసుకుంటే ఫ్రిజ్జు, వాషింగు మెషీను, ఏసీ ఎక్కడ పెట్టాలో సగం తేలిపోతుంది.

ఇవన్నీ చూస్తున్నప్పుడే ఫోను చేతిలో పట్టుకుని గది గదికీ వీడియో తీసి, పగిలిన పలకలు, గోడ మీది మేకు రంధ్రాలు, తలుపు గీతలు అన్నీ పడేలా చూసి, అదే రోజు యజమానికి వాట్సాప్‌లో పంపండి. ‘‘అండీ, ఇల్లు చూసుకున్నాము, బాగుంది. ఇప్పుడున్న స్థితి మీకూ మాకూ గుర్తుండడానికి ఇవి పంపుతున్నాను’’ అని మర్యాదగా ఒక వాక్యం రాస్తే చాలు. ఇల్లు ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో కోత విధించకుండా ఆ వీడియో మిమ్మల్ని కాపాడుతుంది.

చివరగా ఇల్లు కడిగించి, వంటింటి అల్మరాల మూలల్లోనూ సింకు కిందా బొద్దింకల మందు పెట్టించండి. డబ్బాలు సర్దాక ఆ పని సరిగా జరగదు. కిటికీలకు దోమల జాలీలు చిరిగి ఉంటే అవీ ఇప్పుడే బాగు చేయించుకోండి.

లారీ వచ్చిన రోజు

పెట్టెల మీద ‘వంటిల్లు’, ‘పడకగది’ అని రాయడం అందరూ చేసేదే. దానికి తోడు ప్రతి పెట్టెకూ ఒక వరుస సంఖ్య వేసి, లోపల ఏమున్నాయో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. దించేటప్పుడు గుమ్మం దగ్గర ఇంట్లో ఒకరు కూర్చుని సంఖ్యలు కొట్టేస్తూ ఉంటే, లారీ వెళ్ళకముందే ఏది రాలేదో తెలిసిపోతుంది. సరుకు అందినట్టు సంతకం పెట్టే కాగితం మీద విరిగినవీ రానివీ రాసిన తరువాతే సంతకం చేయండి.

ఒక్క పెట్టె మాత్రం లారీలో వేయకుండా మీతో తెచ్చుకోవాలి. అందులో పోపుల డబ్బా, అర కిలో బియ్యం, కందిపప్పు, పాలగిన్నె, కాఫీ పొడి, పంచదార, అగ్గిపెట్టె, ఒక చాకు, నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు, మందులు, తువ్వాళ్ళు, టార్చిలైటు, ఫోను చార్జర్లు, స్క్రూడ్రైవరు, అసలు కాగితాల ఫైలు ఉండాలి. మొదటి పూట హోటలు భోజనం తిన్నా, రాత్రికి ఇంట్లో వేడన్నం, పప్పు వండుకోగలిగితే పిల్లలకు అది తమ ఇల్లేనన్న భావన తొందరగా కలుగుతుంది.

అద్దె ఇంట్లోనైనా పాలు పొంగించడం మన ఇళ్ళలో ఆనవాయితీ. ఆషాఢంలోనూ శూన్య మాసాల్లోనూ ఇల్లు మారకూడదన్న పట్టింపు ఉన్నవారు ముందే మంచి రోజు చూసుకుని, ఆ వేళకు దేవుడి పటం, పసుపు కుంకుమలు, ఉప్పు, బియ్యం, కొత్త గిన్నె తీసుకుని వెళ్ళి పాలు పొంగించి, సామాను తరువాత వీలైన రోజున తెచ్చుకోవచ్చు. ఆ పాలతో పరమాన్నం వండి పక్క ఇళ్ళకు ఇస్తే పరిచయాలు వాటంతట అవే మొదలవుతాయి. ఈ ఆచారంలో ఒక ఉపకారం కూడా ఉంది: పొయ్యి వెలుగుతోందా, గ్యాసు ఎక్కడైనా కారుతోందా, వంటగట్టు ఎత్తు మీకు సరిపోతుందా, పొగ బయటికి పోతోందా అన్నవన్నీ ఆ అరగంటలోనే తెలిసిపోతాయి.

గ్యాసు విషయంలో తొందరపడకండి. సిలిండరు మెడ దగ్గర నిలువుగా ఉండే మూడు ఇనుప పట్టీలలో ఒకదాని లోపలి వైపున ఒక ఇంగ్లీషు అక్షరం, రెండు అంకెలు రాసి ఉంటాయి. ‘ఏ’ అంటే జనవరి నుంచి మార్చి, ‘బి’ అంటే ఏప్రిల్ నుంచి జూన్, ‘సి’ అంటే జూలై నుంచి సెప్టెంబరు, ‘డి’ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు, అంకెలు సంవత్సరం. ‘సి 29’ అని ఉంటే 2029 సెప్టెంబరులోగా ఆ సిలిండరును మళ్ళీ పరీక్షించాలని అర్థం. గడువు దాటిన సిలిండరును తీసుకోనక్కరలేదు, డెలివరీ చేసే అబ్బాయికి చూపించి వేరేది అడగండి. నారింజ రంగు సురక్షా గొట్టం మీద కూడా తయారీ సంవత్సరం ఉంటుంది. అయిదేళ్ళు దాటితే మార్చేయాలి. రెగ్యులేటరు బిగించాక కీళ్ళ దగ్గర సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి, అగ్గిపుల్లతో ఎప్పుడూ పరీక్షించకండి. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, రెగ్యులేటరు కట్టేసి కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

ఫ్రిజ్జును నిలబెట్టి తెచ్చినా మూడు నాలుగు గంటలు కదలకుండా ఉంచి గాని స్విచ్చు వేయకూడదు. పడుకోబెట్టి తెచ్చి ఉంటే ఒక రోజంతా ఆగడం మంచిది, ఎందుకంటే కంప్రెసరులోని నూనె గొట్టాల్లోకి జారి ఉంటుంది, అది తిరిగి కిందికి దిగాలి. ముందు తలుపున్న వాషింగు మెషీను విషయంలో ఇంకొకటి ఉంది: ప్రయాణంలో లోపలి డ్రమ్ము ఊగకుండా వెనక వైపు పొడుగాటి బోల్టులు బిగిస్తారు. వాటిని విప్పకుండా తిప్పితే యంత్రం గది అంతా దూకుతుంది. మేము తెలియక ఒకసారి అలాగే తిప్పితే గోడ పలక ఒకటి పగిలింది. విప్పిన బోల్టులను పారేయకుండా ఒక సంచిలో వేసి మెషీను వెనకే కట్టి ఉంచండి, వచ్చే బదిలీకి కావాలి.

ఆవకాయ జాడీల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఏడాది పచ్చడి పాడైతే అది మళ్ళీ మే నెలకు గాని రాదు. జాడీని మూడు వంతుల కంటే ఎక్కువ నింపకుండా, ముక్క మునిగేలా పైన నూనె తేలుతూ ఉండేటట్టు చూసి, మూతి చుట్టూ తుడిచి, ఉతికి ఎండబెట్టిన గుడ్డతో వాసెన కట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు బిగించి, మూత పెట్టి, పాత దుప్పట్ల మధ్య నిటారుగా కూర్చోబెట్టాలి. కొత్త ఇంట్లో దించగానే వాసెన విప్పి చూడండి. గుడ్డకు నూనె అంటి ఉంటే ఆ గుడ్డ మార్చేయాలి. పైన ముక్కలు నూనె లేకుండా తేలి కనిపిస్తే, పొడి గరిటెతో అడుగు నుంచి కలిపి, కొద్దిగా నువ్వుల నూనె కాచి చల్లార్చి పోసి, మళ్ళీ వాసెన కట్టి, సింకుకు దూరంగా చెమ్మ తగలని అల్మరాలో పెట్టండి. ఆ రోజు ఇంట్లో అందరి చేతులూ తడిగానో దుమ్ముగానో ఉంటాయి కాబట్టి ఈ పని ఇంకెవరికీ అప్పగించకుండా ఒకరే చేయడం మంచిది.

మొదటి రాత్రి, మొదటి వారం

సాయంత్రం ఆరు గంటలకల్లా పెట్టెలు విప్పడం ఆపి పక్కలు వేయండి. మంచాలు బిగించలేకపోతే పరుపులు నేల మీద పరిచినా సరే. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ గదే ముందు పూర్తి చేయాలి. కొత్త ఇంట్లో మొదటి రాత్రులు వాళ్ళకు నిజంగా ప్రమాదకరమైనవి, ఎందుకంటే నిద్రమత్తులో కాళ్ళు పాత ఇంటి దారినే నడుస్తాయి. కాకినాడ ఇంట్లో మా అత్తగారి మంచానికి కుడి వైపున స్నానాల గది ఉండేది, ఇక్కడ ఎడమ వైపున ఉంది. రెండో రాత్రి ఆవిడ చీకట్లో కుడి వైపుకు తిరిగి, విప్పని పెట్టె తగిలి పడబోయారు. మరునాడే మంచం దిశ మార్చి, మంచం నుంచి స్నానాల గది వరకు దారిలో ఏమీ లేకుండా తీసి, రెండు చిన్న రాత్రి దీపాలు పెట్టి, కమోడు పక్క గోడకు స్టీలు పట్టీ బిగించాము. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ పని మొదటి సాయంత్రమే చేయండి. పగటి పూటే వాళ్ళను మంచం మీద నుంచి లేపి, లైటు స్విచ్చు చేత్తో తడిమి వేసేలా రెండు మూడు సార్లు నడిపించండి.

వంటింటిని మొదటి వారంలోనే సర్దాలి, మిగతా గదులను కాదు. పొయ్యికి చేయి చాచితే అందేంత దూరంలో పోపుల డబ్బా, ఉప్పు, నూనె. సింకు పక్కన గిన్నెల బుట్ట. మిక్సీ పెట్టే చోట పదహారు ఆంపియర్ల సాకెట్టు అక్కరలేదు గాని నీళ్ళు చిమ్మని సాకెట్టు ఉండాలి. మూడు రోజులు వండి చూస్తే ఏ డబ్బా కోసం ఎన్నిసార్లు వంగుతున్నారో మీకే తెలుస్తుంది. అప్పుడు మార్చుకోండి. అల్మరాలో కాగితాలు పరిచి వెంటనే అంతా శాశ్వతంగా సర్దేయాలన్న ఆత్రుత అక్కరలేదు.

మిగతా గదుల్లో పెద్ద సామాను చోటు నిర్ణయించే ముందు ఒక వారం ఎండను గమనించండి. మన ప్రాంతాల్లో పడమటి గోడ సాయంత్రం ఎండకు వేడెక్కి రాత్రి పది గంటల దాకా ఆ వేడిని లోపలికి వదులుతూనే ఉంటుంది; వేసవిలో మంచం తల దానికి ఆనితే నిద్ర పట్టదు. ఆ గోడకు పుస్తకాల అరనో బీరువానో పెట్టి మంచాన్ని మరో గోడకు జరపండి. వాన పడిన మరునాడు కిటికీ మూలలూ పైకప్పు అంచులూ ఒకసారి చూడండి. గోడలకు రంధ్రాలు కొట్టడం ఈ వారమంతా వాయిదా వేయండి, కొట్టే ముందు యజమానికి చెప్పండి. తులసి కుండీని మీ వాహనంలోనే తెచ్చుకుని, ఉదయపు ఎండ తగిలే బాల్కనీలో పెట్టి, పదిహేను రోజుల వరకు కుండీ మార్చకండి. ఆకులు కొన్ని రాలినా భయపడనక్కరలేదు.

ముందు గుమ్మం తాళం మార్చడం గురించి మొహమాటపడకండి. పాతవారి దగ్గర, బ్రోకరు దగ్గర, రంగులు వేసినవారి దగ్గర చెవులు ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. యజమానికి చెప్పి లివరు తాళం లోపలి భాగం మాత్రం మార్పించుకుంటే ఖర్చు పెద్దగా ఉండదు.

వాచ్‌మన్ కుటుంబంతో మొదటి రోజే పేరు పెట్టి మాట్లాడడం అలవాటు చేసుకోండి. నీళ్ళ మోటారు, లిఫ్టు, చెత్త బండి, పాలవాడు, పనిమనిషి, ఇస్త్రీ బండి గురించి నమ్మకంగా చెప్పగలిగేది వాళ్ళే. చెత్తబండికి తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడి చెత్త నీలం బుట్టలో వేరు చేసి ఇవ్వాలి. పక్కింటివారిని వరసలు కలిపి పిలవడానికి తొందరపడకుండా మొదట ‘గారు’ అనండి. రెండు వారాల్లో వాళ్ళే పిన్నిగారో అక్కయ్యగారో తేలుస్తారు. అపార్టుమెంటు సంఘం వాట్సాప్ గ్రూపులో చేరి, మెయింటెనెన్సు ఏ తారీఖులోగా కట్టాలో, బట్టలు ఎక్కడ ఆరేయాలో, బండి ఏ గడిలో పెట్టాలో కనుక్కోండి. 108 అంబులెన్సు ఎటూ తెలుసు. దాంతోపాటు రాత్రంతా తెరిచి ఉండే మందుల దుకాణం, దగ్గరలోని బస్తీ దవాఖానా, పెద్ద ఆసుపత్రి ఎక్కడున్నాయో ఒకసారి నడిచి చూసి రండి. కరెంటుకు 1912, జలమండలికి 155313 అన్న నంబర్లు ఫ్రిజ్జు తలుపు మీద రాసి అతికించండి.

మొదటి నెల: కాగితాలు

కాగితాలన్నింటికీ మూలం అద్దె ఒప్పందం. చాలామంది దాన్ని పదకొండు నెలలకు రాసుకుంటారు. అందులో అడ్వాన్సు మొత్తం, దాన్ని తిరిగి ఇచ్చే గడువు, రంగులకు పట్టుకునే మొత్తం, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలన్నది, ఏటా అద్దె పెంపు, పెద్ద మరమ్మతుల ఖర్చు ఎవరిదన్నది విడివిడిగా రాసి ఉన్నాయో లేదో చదివి చూడండి. ఉద్యోగులు ఇంటి అద్దె మినహాయింపు కోరుతూ, అద్దె ఏడాదికి లక్ష రూపాయలు దాటితే యజమాని పాన్ నంబరు ఇవ్వాల్సి ఉంటుంది. ఈ మాట ఒప్పందం రాసుకునే రోజునే అడగడం సులువు.

గ్యాసు కనెక్షనును ఊరు మారినప్పుడు సిలిండరుతో సహా మోసుకుని రాకూడదు. పాత ఊరిలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి డిపాజిట్టు వెనక్కి తీసుకుని టర్మినేషన్ వోచరు తెచ్చుకుంటే, కొత్త ఊరిలో దాన్ని చూపించి అప్పటి డిపాజిట్టు కట్టి కనెక్షను పొందవచ్చు. అదే నగరంలో మారితే బదిలీ కాగితం చాలు.

ఆధార్‌లో చిరునామాను అద్దె ఒప్పందంతో ఆన్‌లైనులోనే మార్చుకోవచ్చు. ఒప్పందం ఒక్కరి పేరు మీదే ఉంటే ముందు వారిది మార్చి, తరువాత మిగతా వారివి కుటుంబ పెద్ద అనుమతితో మార్చే సదుపాయం ఉంది. ఆధార్ మారాక బ్యాంకు, బీమా, పాన్ ఒక్కొక్కటిగా పూర్తి చేయండి. ఓటును కొత్త చోటికి మార్చుకోవడానికి ఫారం 8 నింపాలి. సందేహాలకు 1950కి ఫోను చేయవచ్చు. ఎన్నికల ప్రకటన వచ్చాక పరుగెత్తేవారిలో సగం మందికి అప్పటికే గడువు దాటిపోయి ఉంటుందేమోనని నాకు ప్రతిసారీ బాధ కలుగుతుంది, అందుకే దీన్ని మొదటి నెలలోనే చేయమని అడుగుతున్నాను. బండి చిరునామా మారితే ముప్పయి రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఆంధ్రప్రదేశ్ నంబరు బండిని తెలంగాణలో పన్నెండు నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, దానికి పాత కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి.

పిల్లలున్నవారు అన్నింటికంటే శ్రద్ధ పెట్టవలసింది చదువు కాగితాల మీద. టీసీ ఒక్కటి తెచ్చుకుంటే సరిపోదు. ఏ తరగతి ఏ సంవత్సరం ఏ ఊరిలో చదివారో తెలిపే స్టడీ సర్టిఫికెట్లు బడి మారేటప్పుడే తీసుకోండి. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల వల్ల రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానికత చాలావరకు చదివిన చోటును బట్టే తేలుతుంది. పెద్ద తరగతుల్లో రాష్ట్రం మారితే వైద్య, ఇంజనీరింగు ప్రవేశాల్లో పిల్లలు ఎక్కడి స్థానికులవుతారో ఇల్లు వెతకడానికి ముందే తెలుసుకోవాలి. తొమ్మిదో తరగతిలోనో ఇంటర్ మధ్యలోనో ఉన్న బిడ్డ కోసం తల్లో తండ్రో రెండేళ్ళు పాత ఊరిలోనే ఉండిపోయిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ నిర్ణయం కష్టమైనదే గాని, తెలిసి తీసుకున్నారు కాబట్టి తరువాత పశ్చాత్తాపపడలేదు.

నెల తిరిగేసరికి విప్పని పెట్టెలు ఇంకా నాలుగైదు ఉంటాయి. నోటు పుస్తకంలో వాటి సంఖ్యలు చూసి, శీతాకాలపు దుప్పట్లు, పండుగ సామాను వంటివైతే అలాగే అటక మీద పెట్టండి. ఏమున్నాయో గుర్తు కూడా లేనివైతే విప్పి, అవసరం ఉన్నవారికి ఇవ్వగలిగినవి ఇచ్చేయండి. అదే రోజుల్లో మొదటి కరెంటు బిల్లు వస్తుంది. తాళం చెవులు తీసుకున్నప్పుడు తీసిన మీటరు ఫోటో పక్కన పెట్టుకుని, బిల్లు మీది ప్రస్తుత రీడింగు నుంచి ఫోటోలోని రీడింగు తీసివేయండి. వచ్చిన యూనిట్లే మీవి. అంతకు ముందువి ఉంటే ఆ లెక్కను ఫోటోతో సహా యజమానికి పంపి, ఆ మొత్తాన్ని వచ్చే నెల అద్దెలో తగ్గించుకోమంటారా అని అడగండి.